కట్టెలో వాన

కుప్పయ్య గొడ్డలి భుజానేసుకుని పెరట్లోకి నడిచాడంటే వీధిలో ఆడవాళ్ళంతా మిద్దెల మీదికి పరుగు. ఆరేసిన బట్టలు, ఎండబోసిన వడియాలు, చాపల మీది మిరపకాయలు అన్నీ గంపలకెత్తుకుని లోపలికి చేరవేసుకునేవాళ్ళు. పక్కింటి పంకజాక్షి మాత్రం తొందరపడేది కాదు. గోడ మీదుగా తల పెట్టి ముందు సంగతి కనుక్కునేది.

"కుప్పయ్యన్నా, ఈ పొద్దు ఏ ఏటి కొమ్మ?"

"చెరువు మరవ పారిన ఏటిది."

"అయ్యో, అయితే నా రాగులు గూడా తీసేయల్ల. రేపు కొట్టగూడదా?"

"రేపటికి ఇంగా పెద్దది ఉండాది తల్లీ."

పూతలపట్టు కూడలికి రెండు కిలోమీటర్ల లోపలున్న ఆ ఊళ్ళో కట్టెలు కొట్టడమంటే అంత హడావిడి. కొమ్మ ఏ ఏడు చిగురేసిందో ఆ ఏటి వాన దాని నడిబొడ్డులో ఉండిపోతుంది. గొడ్డలి అక్కడిదాకా దిగిందంటే ఆ వాన బయటికొచ్చి కురుస్తుంది. మామూలు ఏటిదైతే కొట్టేవాడి తల తడిసి ఊరుకుంటుంది. చెరువు నిండి మరవ మీంచి నీళ్ళు పొర్లిన ఏటిదైతే వీధి సగం బురదవుతుంది. ఏ ఏటి వానకు ఆ ఏటి మట్టి వాసనే వస్తుంది. కట్టెకు ముందు వాన వదిలించాలి, ఆ తర్వాతే ఎండబెట్టాలి. పంకజాక్షి లాంటి తెలివైనవాళ్ళు మంచి ఏటి వాన కింద బిందె పెట్టుకుని తలంటుకు దాచుకుంటారు.

గ్యాసు వచ్చాక ఊళ్ళో ఈ సందడి తగ్గిపోయింది. కుప్పయ్య గొడ్డలి పదేళ్ళపాటు దూలానికి వేలాడి తుప్పు పట్టింది. దాన్ని మళ్ళీ కిందికి దించడానికి కారణం జనవరిలో ఒక పొద్దున జరిగిన సంగతి.

ఆ పొద్దున కుప్పయ్య భార్య సంతోషమ్మ వంటింట్లో అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. కోడలు గ్రేసీ స్నానం చేసి వస్తూ గడప దగ్గరే ముక్కు మూసుకుంది. ఇల్లంతా గ్యాసు. ఒక్క అంగలో లోపలికి దూకి, అత్త చేతిలో అగ్గిపెట్టె లాక్కుని పెరట్లోకి విసిరేసి, సిలిండరు కట్టేసి, తలుపులన్నీ తెరిచింది. చూస్తే రబ్బరు గొట్టాన్ని ఎలుక కొరికేసి ఉంది.

"ఇంత కంపు కొడతా ఉంటే నీకు తెలీలేదా అత్తా?"

సంతోషమ్మ గడప మీద కూలబడింది. తర్వాత తప్పు ఒప్పుకున్న చిన్నపిల్లలా అంది.

"నాకు మూడేండ్లుగా ఏ వాసనా తెలీదు గ్రేసీ."

కరోనా జ్వరం వచ్చినప్పుడు ఇంట్లో అందరికీ ముక్కులు మొద్దుబారాయి. నెల తిరిగేసరికి అందరివీ బాగయ్యాయి, ఆమెది కాలేదు. ఈ రోజు వస్తుంది, రేపు వస్తుందని చూసి, రాకపోయేసరికి దాచిపెట్టేసింది. దాచక ఏం చేస్తుంది? ఆమె పేరంతా ఆ ముక్కులోనే ఉంది. ఆ ఊరి చర్చి సంఘంలో ప్రేమవిందని భోజనాలు పెడితే వంట సంతోషమ్మదే. నాలుగువందల మందికి వండినా ప్రార్థన కాకముందు మెతుకు నోట్లో వేసుకునేది కాదు. దేవుని ముందు పెట్టేదాన్ని ఎంగిలి చేయకూడదని వాళ్ళ అమ్మ నేర్పిన కట్టుబాటు. ఇంట్లో వంటకూ అంతే. మూత తీసి, అరచేత్తో ఆవిరిని ముక్కువైపు తోసుకుని, ఉప్పు చాలిందో లేదో చెప్పేసేది. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి తప్పింది లేదు. వాసన పోయాక చెయ్యి అలవాటుతో, కొలతలతో ఎలాగో నెట్టుకొచ్చింది. పులుసు ఒకరోజు చప్పగా ఉంటే, ఒకరోజు కషాయంలా ఉంటే వయసు మీద పడుతోందిలే అనుకున్నారు. కుప్పయ్య కూడా అలాగే అనుకున్నాడు. మూడేళ్ళు పక్కన కూర్చుని తిన్నవాణ్ణి ఆ మాట తెలుసుకోలేకపోయానే అని ఆ పొద్దున అతనికి సిగ్గేసింది.

కొడుకు ఏబెల్ రేణిగుంటలో ఒక గోడౌన్లో పని చేస్తాడు. సాయంత్రం వచ్చి విషయం విని తెల్లమొహం వేశాడు. భయం కోపమై బయటికొచ్చింది.

"అమ్మా, రేపట్నుంచి నువ్వు వంటింట్లోకి పోవద్దు. గ్రేసీ చూసుకుంటాది."

"నేను పొద్దస్తమానం ఏం చేస్తా కూర్చోవల్ల?"

"టీవీ చూడు. ప్రాణం కంటే వంట ఎక్కువనా?"

మరుసటి రోజు నుంచి సంతోషమ్మ వసారాలో గోడకానుకుని కూర్చుంది. గ్రేసీ అంగన్‌వాడీ టీచరు. పొద్దున్నే వంట ముగించి పరుగెత్తేది. అత్త ముందు పళ్ళెం పెడితే నాలుగు ముద్దలు కెలికి పక్కకు నెట్టేసేది. నెల తిరిగేసరికి జాకెట్టు భుజాలు జారిపోసాగాయి. పనుల్లో పడి తిరిగే మనిషి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే కుప్పయ్యకు ఇల్లు పరాయిదిలా అనిపించింది.

అతనికి ఎక్కువ ఆలోచనలు రావు. ఒకటొచ్చిందంటే మాత్రం వదలడు. గ్యాసు కంటికి కనపడదు, వాసన తెలియకపోతే ప్రమాదం. పొగ అలా కాదు. వాసన తెలియకపోయినా కళ్ళు మండుతాయి. కట్టెల పొయ్యి దగ్గర సంతోషమ్మను ఎవరూ వద్దనలేరు. తోటలో గాలికి పడిపోయిన బెంగుళూర మామిడి చెట్టు ఉండనే ఉంది. వాళ్ళ పెళ్ళయిన ఏడు నాటింది అది.

మర్నాడే పోయి మేస్త్రి మునిచంద్రను పిలుచుకొచ్చాడు. మునిచంద్ర ఇటుక పని చేస్తాడు గానీ, పొయ్యిలు పెట్టడంలో అతని తాతకు పేరు. వెనక పంచలో నిలబడి, రేకుల వైపు, గాలి వైపు, మళ్ళీ రేకుల వైపు చూశాడు.

"ఈడ పెడదామన్నా. రెండు కళ్ళ పొయ్యి. కట్టె ఒక్క కంట్లోనే పెట్టల్ల, మంట లోపల నుంచి రెండో దానికి పోతాది. గొట్టం రేకు కంటే మూడడుగులు పైకి లేపుతా. లేకుంటే పడమటి గాలి పొగనంతా మళ్ళీ ఇంట్లోకే తోస్తాది."

"మట్టి?"

"పుట్టమన్ను తెప్పించు. ఊక కలిపి మూడు దినాలు నానబెట్టల్ల. తొందరపడితే పగుళ్ళిస్తాది."

ఏబెల్ రాత్రి భోజనం దగ్గర గొణిగాడు.

"ఊరంతా గ్యాసుకు పోతా ఉంటే మనం పొయ్యికి పోతా ఉండాం. ఏంది నాయనా ఇది?"

"నీకు అమ్మ కావల్లా, గ్యాసు కావల్లా?" అన్నాడు కుప్పయ్య. ఏబెల్ తల వంచుకుని తినేశాడు.

పొయ్యి వారంలో లేచింది. ఇటుక మీద ఇటుక, మధ్యలో పుట్టమన్ను, నోటి దగ్గర ఇనప కమ్ములు, వెనక రేకు గొట్టం, దాని నెత్తిన వాన పడకుండా చిన్న టోపీ. పచ్చిగా ఉండగానే మునిచంద్ర పొగ ఎటు లాగుతుందో చూడాలన్నాడు. "రెండు పుల్లలు అంటించన్నా."

కుప్పయ్య ఉత్సాహంగా పడిపోయిన చెట్టు దగ్గరికి పోయి, కొసన వేలంత పుల్ల ఒకటి తెచ్చి, పొయ్యి నోట్లో చెయ్యి పెట్టి పుటుక్కున విరిచాడు. పదేళ్ళు కట్టె ముట్టని మనిషి. సన్నపుల్లే కదా అనుకున్నాడు. కానీ అది వరదకు తిరపతి మునిగిన ఏడు పుట్టిన పుల్ల. పొయ్యి లోపల వాన మొదలైంది. నోట్లోంచి కాలవ కట్టింది, రెండు కళ్ళలోంచి పైకి చిమ్మింది, గొట్టం దడదడలాడింది. పది నిమిషాలకు అది ఆగేసరికి పొయ్యి ఉండాల్సిన చోట ఎర్ర ముద్ద, దాని మీద నిటారుగా రేకు గొట్టం మిగిలాయి.

మునిచంద్ర మొహం మీది బురద తుడుచుకున్నాడు. "ఏమన్నా, ఎవురైనా వాన వదిలించని పుల్ల పొయ్యిలో ఇరస్తారా? మా తాత వినింటే నిన్ను తన్నింటాడు."

వసారాలోంచి ఒక చప్పుడు వినిపించింది. సంతోషమ్మ నవ్వు. నెల రోజుల తర్వాత నవ్వింది. కుప్పయ్య ఆ నవ్వు కోసం ఇంకో పొయ్యి కూలగొట్టడానికైనా సిద్ధమే అనుకున్నాడు.

రెండో పొయ్యి నీడన మెల్లగా ఆరుతూ ఉండగా కుప్పయ్య చెట్టు మీద పడ్డాడు. రంపం కోతకు వాన రాదు, కట్టె విరగాలి లేదా చీలాలి; అందుకే ముందు రంపంతో మూరెడు మూరెడు తుంపులు కోసి పెరట్లోకి చేర్చాడు. గడ్డపార, గొడ్డలి, రెండు ఇనప మేకులు. చేతులు బొబ్బలెక్కి, పగిలి, కాయలు కాశాయి. కట్టె కొట్టడానికి కింద ఒక మొద్దు కావాలి కదా. చెట్టు మొదలు నుంచి రెండుగా చీలిన చోట, ఆ పంగను కోసి నిలబెట్టాడు. మెలికలు తిరిగిన కట్టె, గొడ్డలి దిగదు. దాని మీద ఎన్ని దెబ్బలు వేసినా చలించదు.

మునిచంద్ర పొయ్యికి పేడ అలకడానికి వచ్చి దాని మీద చెయ్యి వేసి చూశాడు. "ఇది ఏ ఏటిదన్నా?"

"పెద్ద కరువు ఏటిది. నడి మొగ్గ ఎండిపోయింటే పక్కన రెండు కొమ్మలు పొడిసినాయి. దీంట్లో ఏముంటాది, వట్టి ఎండ."

"ఆ ఏడు ఒక వాన పడింది" అంది వసారాలోంచి సంతోషమ్మ.

"అదీ ఒక వానేనా? దుమ్ము గూడా అణగలేదు."

కుప్పయ్య ఆ మాట అక్కడే మర్చిపోయాడు. అతని మనసులో వేరే లెక్క నడుస్తోంది. కట్టెతోబాటు ఇంకో ఆశ పెట్టుకున్నాడు, ఎవరికీ చెప్పలేదు. మంచి వానల ఏళ్ళ కొమ్మలు ఈ చెట్టుకు ఎన్నో ఉన్నాయి. వాన వాసనకు పోయిన ముక్కు తిరిగి రాదా?

అందుకే లావు కొమ్మ ఏది కొట్టబోయినా ఏదో ఒక సాకుతో భార్యను పెరట్లోకి పిలిచేవాడు. "ఈ కొస పట్టుకో", "ఆ మేకు అందియ్యి". ఆమె వచ్చి నిలబడేది. గొడ్డలి దిగేది. చెరువు మరవ పారిన ఏటి వాన దబదబా పడేది. నీళ్ళ వాసన, నాచు వాసన, కుళ్ళిన ఆకుల వాసన పెరడంతా కమ్ముకునేది. గ్రేసీ పుట్టిన ఏటిది ఒకటి పడింది, మెత్తని జల్లు, దాంట్లో వేరుశనగ పైరు వాసన. గోడకవతల పంకజాక్షి "అబ్బా, ఎంత బాగుండాది వదినా" అని గట్టిగా ఊపిరి పీల్చేది. కుప్పయ్య గొడ్డలి ఆపి భార్య మొహంలోకి చూసేవాడు.

సంతోషమ్మకు అతని ఎత్తు మూడో రోజుకే తెలిసిపోయింది. తడిసిన కొంగు పిండుకుంటూ చెప్పింది.

"సల్లగా ఉండాదయ్యా. అంతే. నువ్వు నా మొగం సూడొద్దు, కట్టె సూసి కొట్టు. కాలు తెగ్గొట్టుకుంటావు."

ఆ మాటకు అతనికి ఏడుపొచ్చింది. వానలో నిలబడి ఉన్నాడు కాబట్టి తెలియలేదు.

మార్చి నాటికి చీల్చడం అయిపోయింది. పంచ పక్కన బెరడు పైకి వచ్చేలా, గాలి దూరేలా కట్టెను అడ్డం నిలువు పేర్చాడు. ఏప్రిల్ ఎండకు కొసలు నెర్రెలిచ్చాయి. మేలో రెండు కట్టెలు ఒకదానికొకటి తగిలిస్తే టంగుమని మోగాయి. పొయ్యి కూడా ఎర్రగా గట్టిపడింది. మునిచంద్ర వచ్చి చిన్న మంటలతో దానికి వేడి అలవాటు చేశాడు. పొగ గొట్టంలోంచి నిటారుగా పైకి లేచింది.

ఆ నెలలోనే సంఘం పాస్టరు పాల్ అయ్యగారు ఇంటికొచ్చారు. సంఘం వార్షికోత్సవం జూన్ మొదటి ఆదివారం. మజ్జిగ గ్లాసు చేతిలో తిప్పుతూ చాలాసేపు ఎండల గురించి మాట్లాడారు. చివరికి మెల్లగా అన్నారు.

"సంతోషమ్మా, ఈసారి చిత్తూరు వంటవాళ్ళను పిలుద్దామని పెద్దలు అనుకుంటా ఉండారు. నువ్వు ఇన్నేండ్లు కష్టపడినావు. కొంచెం విశ్రాంతి తీసుకో."

"మంచిదే అయ్యగారూ" అంది ఆమె. గొంతు మామూలుగానే ఉంది. చేతులు మాత్రం కొంగును చుట్టి చుట్టి తాడులా చేశాయి.

కుప్పయ్య లేచి నిలబడ్డాడు. "ఇంగా మాట ఇయ్యొద్దు అయ్యగారూ. మా పొయ్యిలో ఒకసారి వండి సూడనీయండి."

అయ్యగారు భార్యాభర్తలిద్దరినీ చూశారు. "శనివారం మధ్యాహ్నం దాకా ఆగుతా. ఆ పైన వాళ్ళకు ఫోన్ చెయ్యల్ల."

ఆయన పోయాక ఏబెల్ తల్లి పక్కన కూర్చున్నాడు. "అమ్మా, నాలుకకు ఉప్పు తెలస్తాది గదా. ఒక చుక్క నోట్లో ఏసుకుని సూస్తే సరిపాయె. ఎవురికి తెలస్తాది?"

"నాకు తెలస్తాది" అంది సంతోషమ్మ. "ముప్పై ఏండ్లు దేవునికంటే ముందు తినలేదు. ఇప్పుడు ఎంగిలి చేసి ఆయన ముందు పెట్టమంటావా?"

శనివారం వచ్చింది. ఏబెల్‌కు సెలవు, గ్రేసీకి కూడా ఎండాకాలం సెలవులే. పొద్దున పదిగంటలకు సంతోషమ్మ తలకు గుడ్డ చుట్టుకుని కొత్త పొయ్యి ముందు కూర్చుంది. ఒక కంటి మీద నాటుకోడి పులుసు, రెండో దాని మీద సంగటికి ఎసరు. ఆమె చేతులు మర్చిపోయినదేమీ లేదు. మంట ఎక్కువైతే కట్టె వెనక్కి లాగుతోంది, తగ్గితే ముందుకు నెడుతోంది. పొగకు కళ్ళు తుడుచుకుంటోంది. కుప్పయ్య స్తంభానికి ఆనుకుని చూస్తూ ఉంటే ఎన్నాళ్ళకో ఇల్లు ఇల్లులా అనిపించింది.

ఆమె చింతపండు కోసం లోపలికి పోయింది. కుప్పయ్య పొయ్యి దగ్గరికి వచ్చాడు. ఉప్పు డబ్బా మూత గట్టిగా బిగించి ఉంది, దాని మీద పలచగా బూడిద పడి ఉంది. మధ్యలో రెండుసార్లు కట్టెలకు పెరట్లోకి పోయొచ్చాడు గానీ, ఆమె ఉప్పు వేయడం తాను చూడలేదే. మర్చిపోయిందేమో. రుచి చూద్దామంటే ప్రార్థన కాలేదు. వాకిలి వైపు ఒకసారి చూసి, గబగబా పిడికెడు ఉప్పు పులుసులో వేసి కలిపి, డబ్బా మూత పెట్టి, ఏమీ ఎరగనట్టు స్తంభం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. భార్య పరువు తానే కాపాడినట్టు లోలోపల మురిసిపోయాడు కూడా.

పులుసు ఉడికింది. సంతోషమ్మ దాన్ని దించి పక్కన పెట్టింది. సంగటి గిన్నెలో రాగిపిండి పోసి మూత పెట్టింది. తర్వాత పులుసు మూత తీసి, ఎప్పటిలాగే అరచేత్తో ఆవిరిని ముక్కువైపు తోసుకుంది. మళ్ళీ తోసుకుంది. మూడోసారి కళ్ళు మూసుకుని తోసుకుంది. ఆమె భుజాలు కిందికి దిగిపోవడం కుప్పయ్యకు కనబడింది.

ఆమె మూత పెట్టేసి పెరట్లోకి వచ్చింది. వేపచెట్టు నీడన ఏబెల్ ఫోన్ చూసుకుంటున్నాడు.

"ఏబెలూ, అయ్యగారికి ఫోన్ చెయ్యి. చిత్తూరు వాళ్ళనే పిలుసుకోమను."

"అమ్మా..."

"గుడ్డిదాని మాదిరి వండలేను నాయనా. నాలుగువందల మంది నోట్లో ఏం పోస్తా ఉండానో నాకే తెలీకుంటే అది వంట కాదు. చెయ్యి ఫోన్."

ఏబెల్ తండ్రి వైపు చూశాడు. నాలుగు నెలలు చేతులు పగలగొట్టుకుని కుప్పయ్య కట్టిందంతా ఆ ఒక్క మాటతో కూలిపోయింది, మొదటి పొయ్యిలాగే. ఏబెల్ నంబరు నొక్కాడు. అవతల రింగవుతోంది.

అక్కడ ఊరికే నిలబడలేక కుప్పయ్య గొడ్డలి అందుకున్నాడు. సంగటికి మంట తగ్గుతోంది, నాలుగు సన్నకట్టెలు చీల్చాలి. మొద్దు మీద ఒక కట్టె నిలబెట్టి ఒక్క వేటు వేశాడు. కోపం ఎవరి మీదో అతనికే తెలియదు, దెబ్బ మాత్రం ఉండాల్సిన దానికంటే గట్టిగా పడింది. కట్టె రెండైంది. గొడ్డలి ఆగలేదు. మూడు నెలల ఎండకు ఎక్కడ నెర్రె ఇచ్చిందో, కింద ఉన్న పంగమొద్దు ఫెళ్ళుమని నడిమికి చీలి, రెండు చెక్కలై అటొకటి ఇటొకటి పడింది.

మొదట దాంట్లోంచి వేడి వచ్చింది. పొయ్యి నోటి ముందు నిలబడినంత వేడి. సన్నని దుమ్ము లేచి కళ్ళలో పడింది. కుప్పయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. అతనికి ఆ ఏడు గుర్తొచ్చింది. బావుల అడుగున పగుళ్ళు, ఆవుల్ని కబేళాకు తోలుకుపోయిన లారీలు, చేతిలో పెట్టుకుంటే పొడి అయిపోయే ఆకులు.

తర్వాత చినుకులు పడ్డాయి. పదో పన్నెండో. ఒక్కొక్కటీ రూపాయి బిళ్ళంత. పెరట్లో అక్కడక్కడా టప్ టప్ మని పడి, దుమ్ములో గుంటలు చేసి ఆగిపోయాయి. అంతే వాన.

కానీ వాసన లేచింది. ఏడాది పొడుగునా కాలిన నేల ఒక్క చుక్క కోసం నోరు తెరుచుకుని పడుకుంటే, ఆ చుక్క పడినప్పుడు లేచే వాసన అది. మండిన మట్టి, ఎండు గడ్డి, వేడెక్కిన రాయి, పశువుల కొట్టం, అన్నీ కలిసి నేలలోంచి పైకి పొంగాయి. గోడకవతల పంకజాక్షి చేస్తున్న పని ఆపి లేచి నిలబడింది. గ్రేసీ పంచలోంచి పెరట్లోకి వచ్చేసింది. మంచి ఏళ్ళ కొమ్మల్లో ఒక్కదానికీ ఇంత వాసన రాలేదు. తడిసిన నేల మీద పడిన వానలవి. వాటికి ఇంత ఆకలి ఎక్కడిది?

కుప్పయ్య భార్య వైపు చూడలేదు. చూస్తే ఏమవుతుందో అని భయం. చేతిలో పట్టుకున్న గొడ్డలి కామ మీదే కళ్ళు పెట్టుకుని నిలబడ్డాడు.

సంతోషమ్మ మెల్లగా వంగి, ఒక చినుకు పడిన గుంటలో వేలు పెట్టింది. ఆ వేలిని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది.

"ఏబెల్‌ని సంకనేసుకుని వీధిలో నిలబడినా ఆ పొద్దు" అంది. మొగుడితోనే, చూపు మాత్రం వేలి మీదే. "వీడు నాలుక బయటబెట్టి చినుకు కోసం సూస్తా ఉండినాడు. నువ్వు ఇంట్లోనే పండుకోనుంటివి, బయటికి రానంటివి. నీళ్ళు రాకపోయినా పర్వాలేదు, ఈ వాసనొచ్చింది గదా, ఇంగ బతకతాం అనుకున్నా..."

మాట సగంలో ఆగింది. ఆమె తల చటుక్కున పంచ వైపు తిరిగింది. ముక్కుపుటాలు అదిరాయి.

"గ్రేసీ! సంగటి అడుగంటతా ఉండాదే!"

ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. తర్వాత గ్రేసీ పరుగెత్తింది. ఆమె వెనకే సంతోషమ్మ, గ్రేసీని నెట్టేసి ముందుకు పోయి, కొంగుతో గిన్నె పట్టుకుని దించింది. కట్టెలు వెనక్కి లాగింది. నిజంగానే అడుగు మాడింది, పైదంతా బాగుంది. ఆమె అంతటితో ఆగలేదు. పక్కనున్న పులుసు గిన్నె మూత తీసింది. అరచేత్తో ఆవిరిని ఒకసారి తోసుకుంది.

ఒక్కసారే. మూత చేతిలో ఉండగానే వెనక్కి తిరిగింది.

"నేను చారెడు ఉప్పు ఏసినా. దీంట్లో మళ్ళీ ఎవురు ఏసింది?"

కుప్పయ్య నోరు తెరవబోయాడు. అతనికంటే ముందే గ్రేసీ నేల చూపులు చూస్తూ అంది. "నేను కొంచెం ఏసినా అత్తా. నువ్వు మర్సిపోయినావేమోనని."

ఏబెల్ గొంతు సవరించుకున్నాడు. "నేను గూడా. ఒక గరిటెడు."

సంతోషమ్మ మొగుడి వైపు తిరిగింది. "నువ్వెంత ఏసినావయ్యా?"

"పిడికెడు" అన్నాడు కుప్పయ్య.

ఆమె నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఏడుపైంది, ఏడుపు మళ్ళీ నవ్వైంది. మూత ముఖానికి అడ్డం పెట్టుకుంది. కుప్పయ్య దగ్గరికి పోయి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. కొడుకూ కోడలూ చూస్తున్నారని కూడా అనుకోలేదు.

"హలో? ఏబెలూ? హలో?" అంటోంది ఏబెల్ చేతిలోని ఫోను. పాల్ అయ్యగారు ఎప్పుడు ఎత్తారో ఎవరూ గమనించలేదు.

సంతోషమ్మ మొహం తుడుచుకుని ఫోన్ అందుకుంది.

"అయ్యగారూ, చిత్తూరు వాళ్ళకు చెప్పేసినారా? చెప్పలేదా? మంచిది. చెప్పొద్దు. ఆదివారానికి ఎంతమందో లెక్క పంపండి, కోళ్ళకు చెప్పల్ల. కట్టె ఉండాది మా దగ్గర, బాగా ఎండింది." ఆమె ఒకసారి ముగ్గురి వైపూ చూసింది. "ఇంకో మాట అయ్యగారూ. ఆ దినం ఉప్పు డబ్బా నా ఒళ్ళోనే పెట్టుకుంటా. మా ఇంట్లోవాళ్ళను వంట కాడికి రానీయొద్దు."